గడియారాల కొట్టులో కళ్లజోడు

పర్లాకిమిడి బజారులో ఎవరిని అడిగినా 'గడియారాల కొట్టు' ఎక్కడో చూపిస్తారు. తీరా వెళ్తే అక్కడ అమ్మకానికి ఒక్క గడియారం కూడా ఉండదు, అన్నీ కళ్లజోళ్లే. ఇప్పుడు కూర్చుంటున్నాయన తండ్రి వాచీలు బాగుచేసేవారు. కొడుకు ఆప్టోమెట్రీ, అంటే చూపు పరీక్షించి అద్దాలు ఇచ్చే చదువు, చదువుకుని వచ్చి వ్యాపారం మార్చాడు, బోర్డు మార్చాడు, ఊరు మాత్రం పిలుపు మార్చలేదు. అసలు పేరు బోర్డు మీద ఒడియాలో పెద్దగా, దాని కింద తెలుగులో చిన్నగా ఉంటుంది. ఆ పేరు ఇక్కడ రాయట్లేదు. రాస్తానంటే ఆయనే వద్దన్నాడు. "ఉన్న జనానికే టైము చాలట్లేదు తమ్ముడూ, ఇంకా పిలవకు" అన్నాడు. కాబట్టి ఇది పేరు లేని కొట్టు మీద సమీక్ష. ఈ ఊరివాళ్లకు ఎలాగూ అర్థమవుతుంది.

ముందు నా గురించి ఒక మాట చెప్పాలి, లేకపోతే ఒక కళ్లజోళ్ల కొట్టు గురించి ఇంత ఎందుకు రాస్తున్నానో తెలియదు. నేను బీమా ఏజెంటుని. పందొమ్మిదేళ్లుగా ఇటు పర్లాకిమిడి, కాశీనగరం, అటు పాతపట్నం, టెక్కలి తిరుగుతున్నాను. 1936లో సరిహద్దు గీత గీసినప్పుడు మా ఊరు ఒడిశాలోకి వచ్చింది, పాతపట్నం మద్రాసు వైపు ఉండిపోయింది. నా పాలసీదారులు ఆ గీతకు రెండు పక్కలా ఉన్నారు. అంటే నేనూ అమ్ముకుని బతికేవాణ్నే. మా ట్రైనింగుల్లో ప్రశ్నలు నాలుగు రకాలని నేర్పించారు: ఇప్పుడు పరిస్థితి ఏమిటి, అందులో ఇబ్బంది ఏమిటి, ఆ ఇబ్బంది పెరిగితే ఏమవుతుంది, అది తీరితే ఎంత హాయి. ఈ వరసలో అడిగితే కస్టమరుకు తనకే తెలియని అవసరం బయటపడుతుందని చెప్పారు. అబద్ధం కాదు, నిజంగానే బయటపడుతుంది. కాకపోతే టీ బ్రేకులో ఒక సీనియరు మెల్లిగా చెప్పిన మాట ఇంకోటుంది: "నొప్పి ఎక్కడుందో దొరికాక అక్కడ కాస్త గట్టిగా నొక్కు."

ఆ నొక్కుడు నాకూ అలవాటే. అందుకే ఎదుటివాడు నొక్కుతుంటే ఇట్టే తెలిసిపోతుంది. ఈ కొట్టులో మాత్రం నా ఆ అంచనా కాస్త తడబడింది.

కథ అమ్మది. అమ్మకు అరవై ఒకటి. కిందటి ఫిబ్రవరిలో మా చెల్లి దగ్గరికి వెళ్లినప్పుడు అక్కడ, పెద్ద ఊళ్లో, ఒక పెద్ద షాపులో కళ్లజోడు చేయించారు. ప్రోగ్రెసివ్ అద్దాలు, అంటే ఒకే అద్దంలో దూరానికీ దగ్గరకీ చూపించేవి, ఫ్రేముతో కలిపి 9,400 రూపాయలు. అందులో బ్లూ లైట్ ఆపే పూతకని 1,200. అమ్మకు స్మార్టుఫోను లేదు. ఉన్నది నొక్కుడు బటన్ల ఫోను, దాని వెలుతురులో వంకాయ కూడా కనబడదు. అయినా కౌంటరు కుర్రాడు చిన్న నీలం లేజరు టార్చి తీసి, మామూలు అద్దంలోంచి వేస్తే కార్డు మీద చుక్క పడటం, పూత ఉన్న అద్దంలోంచి వేస్తే పడకపోవడం చూపించి, "చూశారా ఆంటీ, ఇదంతా మీ కంట్లోకి పోతోంది" అన్నాడట. అమ్మ హడలిపోయింది. చెల్లి డబ్బు కట్టేసింది.

మే నెలకి దూరం మసకైంది. నేనే దగ్గరలో ఇంకోచోటికి తీసుకెళ్లాను. మిషన్లో చూసి "పవర్ మారింది" అన్నారు, 3,200 పెట్టి ఇంకో జత చేశారు. జూలైకి అదీ పనికిరాలేదు. టీవీలో కింద నడిచే అక్షరాలు కనబడవు, వీధి చివర వస్తున్నది కోడలో పొరుగావిడో తేల్చుకోలేదు. రెండు షాపులూ మోసం చేశాయని నాకు ఒళ్లు మండింది. ఈసారి ఎవరి ముందూ నోరు మెదపకుండా ఊళ్లోనే చవగ్గా చేయిద్దామని గడియారాల కొట్టుకు వెళ్లాం.

అక్కడ మొదట తగిలేది బల్ల. బల్ల మీద ఫ్రేములుండవు. మూడు కుర్చీలు, ఒక నోటుబుక్కు, కుట్టుపని సూదులు గుచ్చిన స్పాంజి, పాత తెలుగు క్యాలెండరు, ఒక చిన్న పళ్లెంలో బియ్యం. ఆ సూదులూ బియ్యం దేనికో తర్వాత తెలిసింది. కొండ మీద ఊళ్ల నుంచి సవర గిరిజన ఆడవాళ్లు వస్తారు. చాలామందికి అక్షరాలతో పనిలేదు. దూరానికైతే ఇంగ్లిషు 'E' అక్షరాన్ని నాలుగు వైపులకి తిప్పిన చార్టు ఉంది, అది ఎటు తిరిగిందో చేత్తో చూపిస్తే చాలు. దగ్గర చూపుకి సూదిలో దారం ఎక్కించమంటాడు, బియ్యంలో రాయి ఏరమంటాడు. ఏ పని దగ్గర కళ్లు ఆగిపోతున్నాయో ఆ పనే చేయించి చూస్తాడు. చాలామంది 120 రూపాయల రెడీమేడ్ జోడు పెట్టుకుని వెళ్లిపోతారు. ఇంతకంటే మంచిది చూపించనా అని ఆయన అనగా నేను వినలేదు.

అమ్మను కూర్చోబెట్టి, మిషన్ వైపు చూడకుండా పాత చీటీలు రెండూ అడిగాడు. ఫిబ్రవరిది, మేది. పక్కపక్కన పెట్టి కొంచెంసేపు చూశాడు. తర్వాత అడగడం మొదలుపెట్టాడు.

"అమ్మా, దూరం సరే, దగ్గర ఎలాగుంది?"

అమ్మ ముఖం వెలిగింది. "దగ్గర బేషుగ్గా ఉంది నాయనా. నెలన్నర నుంచి అద్దాల్లేకుండానే పంచాంగం చదువుతున్నాను. ముందు జోడు లేకపోతే ఒక్క ముక్క కనబడేది కాదు."

ఈ మాట అమ్మ ఇంట్లో పదిసార్లు చెప్పింది. వదినకు ఫోన్ చేసి చెప్పింది. ఉసిరికాయ పొడి వల్లనే అని ఒక కారణం కూడా కనిపెట్టింది. మేమందరం సంతోషించాం. ఆయన మాత్రం పెన్ను కింద పెట్టాడు.

"చూపు రోజూ ఒకేలాగుందా, ఒక రోజు మేలు ఒక రోజు కీడా?"

ఆలోచిస్తే రోజురోజుకీ తేడానే.

"దాహం?"

ఎండాకాలం కదా అంది అమ్మ. జూలైలో మాకు ఎండాకాలమేమిటని నాకు అప్పుడు తట్టింది.

"రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు?"

అమ్మ నా వైపు చూసి, పక్క కుర్చీలో ఉన్న పెద్దమనిషి వైపు చూసి, తల దించుకుంది. ఈ ఒక్క చోట ఆయన మీద నాకు కోపం వచ్చింది. దీని గురించి కింద రాస్తాను. మెల్లిగా "నాలుగు సార్లు" అంది. నాకు ఆ సంగతి తెలియదు. ఒకే ఇంట్లో ఉంటున్నాం.

అప్పుడు పరీక్ష చేశాడు. మిషన్, తర్వాత ట్రయల్ ఫ్రేములో ఒక్కో అద్దం మార్చి మార్చి. అంతా అయ్యాక నోటుబుక్కులో మూడు అంకెలు ఒకదాని కింద ఒకటి వేసి మా వైపు తిప్పాడు. దూరం సైటు ఫిబ్రవరిలో ప్లస్ అర. మేలో మైనస్ అర. ఇప్పుడు మైనస్ ఒకటి ముప్పావు. "ఇది మీరే చూడండి. అరవై దాటిన కన్ను అయిదు నెలల్లో ఇంత నడుస్తుందా?" అని ఊరుకున్నాడు.

నిజానికి నాకు వెంటనే అర్థం కాలేదు. అమ్మకే ముందు తట్టింది. "అయితే వాళ్లు తప్పు చెయ్యలేదా?" అంది.

"చెయ్యలేదమ్మా. ఆ రోజుకు ఆ పవర్ కరెక్టే. మీ కన్ను జరుగుతోంది."

రెండు సంగతులు ఉండొచ్చన్నాడు. ఒకటి శుక్లం. కొన్ని రకాల శుక్లాల్లో కంటి లోపలి కటకం గట్టిపడి, సైటు మైనస్ వైపుకి జరిగి, దగ్గర చూపు కొన్నాళ్లు బాగుపడినట్టు అనిపిస్తుంది. రెండోది షుగర్. రక్తంలో షుగర్ బాగా పెరిగితే ఆ కటకం నానబెట్టిన శనగలా ఉబ్బుతుంది, దాంతో సైటు మారిపోతుంది. రోజుకో తీరుగా ఉందంటే ఈ రెండోదాని మీద అనుమానం ఎక్కువ అన్నాడు. "ఇది నేను తేల్చేది కాదు. నేను డాక్టర్ని కాను. రేపు పొద్దున్న పరగడుపున రక్తం ఇప్పించండి, మూడు నెలల సగటు చెప్పే పరీక్ష కూడా రాయించుకోండి. ఈ రోజు మాత్రం జోడు చెయ్యను. చేస్తే అది కూడా రెండు నెలల్లో అటక ఎక్కుతుంది."

వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. ఆ గొడవ పుస్తకాల గురించే అనుకునేవాణ్ని. నానబెట్టిన శనగ అన్న మాటతో అమ్మకు ఒంట్లో జరుగుతున్నది అర్థమైపోయింది. అంతకుముందు రెండు షాపుల్లో విన్న ఇంగ్లిషు ముక్కల్లో ఒక్కటీ ఆవిడకి గుర్తులేదు.

పరీక్ష ఫీజు వంద రూపాయలు తీసుకున్నాడు.

మర్నాడు రిపోర్టు వచ్చింది. పరగడుపున 248. 126కి చేరితేనే షుగర్ అంటారు. మూడు నెలల సగటు, హెచ్‌బీఏ1సీ, 10.4. అది 6.5కి చేరినా షుగరే. అమ్మకు షుగర్ ఉందని మాకెవరికీ తెలియదు. ఒంట్లో నీరసం ఉంది, బరువు తగ్గింది, "వయసు" అనుకున్నాం. తగ్గినందుకు బాగుందని కూడా అన్నాం.

మందులు మొదలయ్యాయి. కొట్టాయన ముందే చెప్పి పంపాడు: "షుగర్ దిగుతుంటే చూపు ఇంకో వైపుకి తిరగబడుతుంది. అప్పుడు దగ్గర మసకవుతుంది. మందుల వల్ల కళ్లు పోతున్నాయని మందు మానేస్తారు చాలామంది. మానొద్దు. కొన్ని వారాలకి అదే కుదురుకుంటుంది." అచ్చంగా అలాగే జరిగింది. మూడో వారంలో అమ్మ పంచాంగం విసిరికొట్టినంత పని చేసి, మాత్రలు ఆపేస్తానంది. ముందుగా చెప్పి ఉండకపోతే నేనూ ఆపించేవాణ్నే. ఆ మధ్యకాలం గడవడానికి 180 రూపాయల రెడీమేడ్ జోడు ఇచ్చాడు. "ఇది చెప్పులు లేనప్పుడు గోనె గుడ్డ చుట్టుకోవడం లాంటిది, దీన్నే ఉంచుకోకండి" అని కూడా అన్నాడు.

బరంపురంలో కంటి డాక్టరు దగ్గరికి వెళ్లి, చుక్కలు వేయించి, కంటి వెనక రెటీనా చూపించుకొచ్చాం. అది కూడా ఈయన పట్టుబట్టి పంపిందే. షుగర్ ఉన్నవాళ్లకి చూపు బాగానే ఉన్నా రెటీనా దెబ్బతింటూ ఉండొచ్చు, అందుకే ఏడాదికోసారి చూపించుకోవాలి. శుక్లం ఇప్పుడే మొదలవుతోంది, రెటీనా బాగానే ఉందన్నారు.

రెండు నెలలు దాటాక మళ్లీ కొట్టుకు వెళ్లాం. షుగర్ దారికొచ్చింది. పరీక్ష చేసి, నోటుబుక్కు తెరిచి, నాలుగో అంకె వేశాడు. ప్లస్ అర. ఫిబ్రవరి నాటి సైటే. "ఆ మొదటి జోడు ఉందా?" అని అడిగాడు. బీరువాలో ఉంది. తెప్పించి, పెట్టి, చదివించి, ముక్కు దగ్గర అరిగిన రబ్బరు ముక్కలు మార్చి నలభై రూపాయలు తీసుకున్నాడు. 9,400 జోడు తిరిగి బతికింది. 3,200 జోడు మాత్రం దండగే.

లెక్క వేస్తే ఈ మొత్తం వ్యవహారంలో ఆయనకు వచ్చింది రెండు పరీక్షల ఫీజు, ఒక రెడీమేడ్ జోడు, ముక్కు రబ్బర్లు. 420 రూపాయలు. పెద్ద షాపు కుర్రాడు ఒక్క పూత మీద అంతకు దాదాపు మూడింతలు పట్టాడు. ఆ కుర్రాణ్ని తిట్టడం నా ఉద్దేశం కాదు, అతనికి టార్గెట్టు ఉంటుంది, నాకు తెలుసు. అయితే ఇద్దరూ చేసింది పైకి ఒకేలా కనబడుతుంది: కస్టమరుకు తెలియని ఇబ్బందిని కస్టమరుకు చూపించడం. కుర్రాడు టార్చి వేసి చూపించాడు, ఈయన అంకెలు వేసి చూపించాడు. నేను చాలా రోజులు దీని మీదే బుర్ర పెట్టాను, నా వృత్తి కాబట్టి. నాకు తోచిన తేడా ఇది. టార్చి ముందు అమ్మ ఏం జవాబు చెప్పినా పూత కొనాల్సిందే. ఫోను చూస్తానన్నా కొనాలి, చూడనన్నా ట్యూబులైటు ఉంది కదా అంటారు. ఈయన ప్రశ్నలకు మాత్రం ఒక్కో జవాబుకీ ఒక్కో దారి ఉంది, వాటిలో చాలా దారులు కొట్టు బయటికి పోతాయి.

బ్లూ లైట్ సంగతి నేను తర్వాత చదివాను. 2023లో వైద్య అధ్యయనాలను సమీక్షించే కొక్రేన్ సంస్థ వాళ్లు 17 అధ్యయనాలు కలిపి చూసి, కంప్యూటరు ముందు కూర్చునేవాళ్లకు కళ్ల అలసట ఆ అద్దాల వల్ల, కనీసం కొద్దికాలంలో, తగ్గకపోవచ్చని తేల్చారు. నేను నా జోడుకి ఆ పూత అడిగినప్పుడు కొట్టాయన సూటిగా చెప్పాడు. "కావాలంటే వేస్తాను, నాలుగొందలు ఎక్కువ. నీ కళ్ల మంట మాత్రం దానికి తగ్గదు. స్క్రీను చూస్తున్నప్పుడు మనిషి రెప్ప వెయ్యడం మర్చిపోతాడు. అప్పుడప్పుడు తలెత్తి కిటికీ బయట చెట్టు చూడు, రెప్ప కొట్టు." వద్దన్నాను.

నా జోడు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే నేను దాని కోసం వెళ్లలేదు. అమ్మను తీసుకెళ్లిన రెండోసారి ఆయనకు డబ్బులిస్తుంటే, "తమ్ముడూ, నోట్లు లెక్కపెట్టేటప్పుడు గడ్డం ఎందుకు పైకి లేపుతున్నావు?" అన్నాడు. లేపుతున్నానా? అద్దం ముందు నిలబెట్టి చీటీ చదవమన్నాడు. నిజమే, ఆకాశంలో విమానం చూస్తున్నట్టు చదువుతున్నాను. రెండేళ్లుగా మెడ నొప్పికి తైలాలు రాస్తున్నాను, తలగడలు మార్చాను, బైకు సీటు మార్చాను. ప్రోగ్రెసివ్ అద్దంలో దగ్గర చదివే భాగం కింద ఉంటుంది. ఫ్రేము ముక్కు మీద జారిపోతే ఆ భాగం ఇంకా కిందికి పోతుంది. దాన్ని అందుకోవడానికి గడ్డం పైకి పోతుంది. ఆయన ఫ్రేము కాళ్లు కాస్త వేడి చేసి వంచి, ముక్కు దగ్గర బిగించి, పెట్టాడు. ఉత్తినే. మెడ పూర్తిగా తగ్గిందని అనను, తైలం ఖర్చు తగ్గింది.

అప్పుడే లాప్‌టాప్ మీద రోజుకు ఎంతసేపు అని అడిగి, టేపు తీసి నేను ఎంత దూరంలో కూర్చుంటానో చేతులు చాపించి కొలిచాడు. అరవై సెంటీమీటర్లు. ప్రోగ్రెసివ్‌లో ఆ దూరానికి ఉండే భాగం సన్నని సందు. మూడు నాలుగు గంటలు కూర్చునేవాడికి ఆ దూరానికే ఒక మామూలు జోడు ఉంటే మేలని చెప్పి, "ఇప్పుడే తీసుకోవాలని లేదు. వారం రోజులు లాప్‌టాప్ ముందు తల ఎలా పెడుతున్నావో చూసుకుని రా" అన్నాడు. వారం ఆగి వెళ్లాను. 1,450. ఇది మాత్రం ఆయన నాకు అమ్మిన వస్తువే, నాకు అవసరమని నా చేతే ఒప్పించి అమ్మాడు. పద్ధతి మా ట్రైనింగులో నేర్పినదే. వారం గడువు ఇవ్వడం మాత్రం మాకెవరూ నేర్పలేదు. మేమైతే "ఈ నెలాఖరుతో ఆఫర్ అయిపోతోంది" అంటాం.

ఇంకొకటి నా కళ్ల ముందు జరిగింది. కాశీనగరం వైపు నుంచి ఒక తల్లి ఆరేళ్ల గుంటణ్ని తీసుకొచ్చింది. వాడు ఫోను చూసి కళ్లు నులుముకుంటున్నాడు, బ్లూ అద్దాలు కావాలంది. ఈయన వాణ్ని ముట్టుకోకుండా ఆవిడకే చెప్పాడు. "అమ్మా, నీ అరచేత్తో వాడి ఎడమ కన్ను ముయ్యి. బావూ, ఆ క్యాలెండరులో అంకె చెప్పు." చెప్పాడు. "ఇప్పుడు కుడి కన్ను ముయ్యి." గుంటడు తల్లి చెయ్యి తోసేశాడు. మళ్లీ మూస్తే ఏడుపు. క్యాలెండరు ఎక్కడుందో కూడా చెప్పలేదు. తల్లి చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

రెండు కళ్లు తెరిచి ఉంటే ఆ పిల్లాడికి అంతా కనబడుతుంది, కాబట్టి ఎవరికీ తెలియదు. ఒక కన్ను బలహీనంగా ఉంటే మెదడు దాన్ని వాడటం మానేసి రెండో దానితోనే నడిపించేస్తుంది. లేజీ ఐ అంటారు. చిన్న వయసులో అయితే సరైన అద్దాలు ఇచ్చి, మంచి కన్నుకి రోజూ కొన్ని గంటలు పట్టీ వేసి బద్ధకపు కంటి చేత పని చేయిస్తారు. వయసు పెరిగేకొద్దీ అది మారడం కష్టం. ఆవిడకు బ్లూ అద్దాలు అమ్మలేదు. కంటి ఆసుపత్రికి చీటీ రాసిచ్చి, "రేపే" అన్నాడు, చీటీ మీద కూడా అదే రాసి కింద గీత గీశాడు. నేను ఇంటికి వచ్చి మా అన్నయ్య పిల్లలిద్దరి కళ్లూ ఒక్కోటి మూసి చూశాను. అరచెయ్యి, క్యాలెండరు చాలు, మీరూ చూడండి.

ఇక లోపాలు.

మొదటిది పైన చెప్పాను. రాత్రి ఎన్నిసార్లు లేస్తారన్న ప్రశ్న నలుగురి ముందు అడిగేది కాదు. ప్రశ్న అవసరమే, అది లేకపోతే సంగతి తేలేది కాదు. కానీ కొట్టు మొత్తం ఒకే గది, కుర్చీలు ఆనుకుని ఉంటాయి. అమ్మ ఆ రోజంతా ముడుచుకుపోయింది. ఒక కర్టెను కడితే ఎంత అవుతుంది? ఆయనకు ఈ మాట చెప్పాను. "నిజమే" అన్నాడు. నిన్నటికి కూడా కర్టెను లేదు.

రెండోది సమయం. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగున్నర దాకా తలుపులు వేసేస్తాడు. తెరిచాక ముగ్గురు మనుషులకి రెండు గంటలు పడుతుంది. అద్దాలు విశాఖ నుంచి రావాలి, నాలుగు రోజులంటాడు, నాకు వానల్లో తొమ్మిది రోజులు పట్టింది. తొందరగా కావాల్సినవాళ్లకి ఇది కొట్టు కాదు. నా పాలసీదారు ఒకాయన్ని పంపిస్తే అరగంటలో బయటికొచ్చి "కళ్లజోడు అడిగితే జాతకం అడుగుతాడేటి?" అని నా మీద ఎగిరాడు.

ఫ్రేములు తక్కువ. కుర్రాళ్లకి నచ్చేవి అసలు లేవు. మా అన్నయ్య కూతురు ఒక్క చూపు చూసి, "బాబాయ్, ఇవన్నీ హెడ్మాస్టర్లవి" అంది. క్యూఆర్ కోడు ఎండకు వెలిసిపోయింది, స్కాన్ కాదు, చిల్లర పట్టుకెళ్లండి.

అయిదుకి నాలుగు ఇస్తాను. ఆ తగ్గించిన ఒకటి కర్టెనుకి.

ఒక సొంత సంగతి రాసి ఆపేస్తాను, ఎలాగూ మొదలుపెట్టాను కాబట్టి. కిందటి నెల టెక్కలిలో ఒక టీచరుగారి ఇంటికి కొత్త పాలసీ కోసం వెళ్లాను. మామూలుగా అయితే "మీకేమైనా అయితే పిల్లల చదువు..." అని మొదలుపెట్టేవాణ్ని. ఈసారి ఉన్న పాలసీ కాగితాలు చూపించమన్నాను, గడియారాల కొట్టాయన పాత చీటీలు అడిగినట్టు. నామినీ దగ్గర వాళ్ల నాన్నగారి పేరుంది. ఆయన పోయి ఎనిమిదేళ్లయింది. పెళ్లికి ముందు తీసుకున్న పాలసీ, ఎవరూ మార్చలేదు. మాస్టారు ఆ కాగితాన్ని చాలాసేపు పట్టుకుని కూర్చున్నారు. భార్య పేరు మీదికి మార్చే ఫారం నింపి ఇచ్చాను. కొత్త పాలసీ సంగతి నేను ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. బస్సు చార్జీ నా జేబులోంచే పోయింది. ఇంటిదానికి చెబితే, "ఆ కొట్టుకి ఎక్కువ వెళ్లకు" అంది.

అమ్మకు ఇప్పుడు షుగర్ అదుపులో ఉంది, దూరం బాగా కనబడుతోంది, వీధి చివర వచ్చేది ఎవరో గుమ్మంలోంచే చెప్పేస్తోంది. పంచాంగానికి మాత్రం మళ్లీ జోడు కావాల్సి వచ్చింది. ఆ కోపం ఇంకా తీరలేదు. మొన్న ఏకాదశి ఎప్పుడో చూడాలి, జోడు ఎక్కడ పెట్టిందో దొరకలేదు. ఇల్లంతా వెతుకుతూ, "హాయిగా ఉత్తి కళ్లతో చదువుకునేదాన్ని, ఆ గడియారాలోడు దాన్ని కూడా బాగుచేసేశాడు" అంది.